డ్రామ్ షాప్ చట్టం: టెక్సస్‌లో మద్యం వడ్డించే రెస్టారెంట్ తన ఫైలును ఎలా సిద్ధం చేసుకోవాలి

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో టెక్సస్ శాసనాన్ని తెర మీద తెరిచి, మద్యం వడ్డించే రెస్టారెంట్ మీద, బీరు అమ్మే గ్యాస్ స్టేషన్ దుకాణం మీద తాగినవాడు చేసిన ప్రమాదానికి చట్టం ఎంత బాధ్యత మోపుతుందో చదువుదాం. ఆ తరువాత దానికి తగిన ఒక చిన్న పట్టికను తయారు చేద్దాం. నేను న్యాయవాదిని కాను. డాలస్ చుట్టుపక్కల, ఇర్వింగ్, ఫ్రిస్కో వైపు మనవాళ్లు నడిపే కొన్ని రెస్టారెంట్లకు లెక్కలు చూస్తాను. కేసు ఎదురైతే తప్పకుండా న్యాయవాది దగ్గరకే వెళ్లండి. ఈ ఫైలు మాత్రం కేసు రాకముందే మీ దగ్గర ఉండాలి.

ముందుగా టెక్సస్ శాసనసభ వారి శాసనాల వెబ్‌సైటు తెరవండి. అక్కడ ఆల్కహాలిక్ బెవరేజ్ కోడ్ ఎంచుకోండి, రెండవ అధ్యాయం నొక్కండి. అంతే, వచ్చేసింది. నేను ఎప్పుడూ రెండు కిటికీలు పక్కపక్కనే పెట్టుకుంటాను, ఎడమవైపు శాసనం, కుడివైపు పట్టిక. మీకు తెర చిన్నదైతే మార్చి మార్చి చూసుకోండి.

ఇదిగో, సెక్షన్ 2.02. పూర్వం మద్యాన్ని డ్రామ్ అనే చిన్న కొలతతో అమ్మేవారు కనుక అలాంటి దుకాణానికి డ్రామ్ షాప్ అనే పేరు వచ్చింది, చట్టానికీ ఆ పేరే నిలిచింది. 1987కు ముందు ఇక్కడ తాగినవాడు చేసిన ప్రమాదానికి అమ్మినవాడు బాధ్యుడు కాడు అనే పాత సూత్రం ఉండేది. ఆ సంవత్సరం ఎల్ చీకో కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ సూత్రాన్ని పక్కన పెట్టింది. అదే సంవత్సరం శాసనసభ ఈ అధ్యాయాన్ని తెచ్చి, బాధితుడు రుజువు చేయవలసినదాన్ని కోర్టు చెప్పినదానికంటే కఠినం చేసింది.

ఇప్పుడు నేను పసుపు రంగు వేసిన భాగాన్ని చూడండి. బాధితుడు రెండు విషయాలు రుజువు చేయాలి. మొదటిది, మద్యం ఇచ్చే సమయానికి ఆ వ్యక్తి చూడగానే తెలిసేంత మత్తులో ఉన్నాడని, తనకూ ఇతరులకూ స్పష్టమైన ప్రమాదంగా మారాడని, అది ఇచ్చినవారికి కనిపిస్తూనే ఉందని. రెండవది, ఆ మత్తే నష్టానికి ప్రత్యక్ష కారణమని. ఇక్కడ "ఇచ్చే సమయానికి" అనే మాట కింద గీత గీయండి. ప్రమాదం తరువాత రక్తపరీక్షలో ఎంత వచ్చింది అన్నది ఒక సంగతి, మీ బల్ల దగ్గర చివరి గ్లాసు పెట్టినప్పుడు ఆ మనిషి ఎలా ఉన్నాడు అన్నది వేరే సంగతి. చట్టం అడిగేది రెండవదాన్ని.

పక్కనే సెక్షన్ 2.03 ఉంది. పద్దెనిమిదేళ్లు నిండినవారికి మద్యం ఇచ్చిన విషయంలో అమ్మకందారు మీద వేయగల దావా ఈ అధ్యాయం కిందనే అని అది చెబుతుంది. చదివి ముందుకు వెళ్దాం.

ఒక్కమాట, ఇంటి విందుల గురించి నన్ను చాలామంది అడుగుతారు. ఇంట్లో అతిథులకు మద్యం పోసిన గృహస్థు మీద, అతిథి పెద్దవాడైతే, ఈ బాధ్యత లేదని 1993లో గ్రాఫ్ వర్సెస్ బియర్డ్ కేసులో తేలింది. అయితే పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు, వారి తల్లిదండ్రులు కాని పెద్దలెవరైనా తెలిసి పోసినా, తమ ఇంట్లో తాగనిచ్చినా, ఆ మినహాయింపు వర్తించదు. అది ఇదే 2.02లో కింద ఉంది. పెరట్లో పుట్టినరోజు పార్టీ చేసేవారు ఆ పేరా ఒకసారి చదవండి.

ఇక నష్టాన్ని ఎవరు ఎంత భరించాలి అనే నియమాల్లో వచ్చిన సంస్కరణల సంగతికి వద్దాం. వేరే కోడ్ తెరవాలి, సివిల్ ప్రాక్టీస్ అండ్ రెమెడీస్ కోడ్, 33వ అధ్యాయం. జ్యూరీ ఒక్కొక్కరి బాధ్యతను శాతాలుగా పంచుతుంది. 2003లో హౌస్ బిల్ 4 అనే పెద్ద సంస్కరణ వచ్చి, దావాలో లేని మూడవ వ్యక్తికి కూడా శాతం వేసే వీలును బాగా విస్తరించింది.

ఈ పంపకం మద్యం కేసులకు వర్తిస్తుందా అనే ప్రశ్న డ్యూనెజ్ కేసులో వచ్చింది. 1997లో మత్తులో ఉన్న ఒక వ్యక్తి ఒక దుకాణంలో పన్నెండు బీర్ల పెట్టె కొని బయలుదేరి, ఒక కుటుంబం ప్రయాణిస్తున్న కారును ఢీకొట్టాడు. కింది కోర్టులో డ్రైవరు వాటా ఎంత అని జ్యూరీని అడగనే లేదు, 3 కోట్ల 50 లక్షల డాలర్ల తీర్పు మొత్తం దుకాణం మీదే పడింది. టెక్సస్ సుప్రీంకోర్టు 2004లో దాన్ని సమర్థించి, మళ్లీ వినడానికి ఒప్పుకుని, 2007లో తన మాట తానే మార్చుకుని, డ్రైవరు వాటా కూడా జ్యూరీ తేల్చవలసిందే అని కేసును తిరిగి విచారణకు పంపింది.

కుడివైపు పట్టికలో లెక్క చూడండి. నష్టం 10 లక్షల డాలర్లు అనుకుందాం. డ్రైవరుకు 70 శాతం, రెస్టారెంట్‌కు 30 శాతం వస్తే, రెస్టారెంట్ కట్టేది 3 లక్షలు. ఇప్పుడు నేను 30ని 55గా మారుస్తున్నాను. చూశారా, గడి మొత్తం 10 లక్షలకు వెళ్లింది. వాటా 50 శాతం దాటితే మొత్తం సొమ్మును మీ దగ్గరే వసూలు చేయవచ్చు, ఆ తరువాత డ్రైవరు దగ్గర రాబట్టుకోవడం మీ పని. సరిగ్గా 50 అయితే దాటినట్టు కాదు. అలాగే తాగినవాడే తన గాయాలకు దావా వేసి, అతని వాటా 50 దాటితే, అతనికి ఏమీ రాదు.

యజమానుల లెక్కలు చూసే మనిషిగా ఈ నియమం నాకు ఊరటే, కానీ బాధితుడి వైపు నుంచి చూస్తే చేదుగా ఉంటుంది. టెక్సస్‌లో కారుకు తప్పనిసరి బీమా ఒక మనిషి గాయాలకు 30 వేల డాలర్లు మాత్రమే కనుక, ఆ డ్రైవరు మీద పడిన 7 లక్షలు చాలాసార్లు కాగితం మీదే ఉండిపోతాయి. సౌత్ కరోలినాలో ఇదే తూకం ఎదురువైపు ఒరిగింది. అక్కడ 2017 చట్టం సాయంత్రం 5 తరువాత మద్యం వడ్డించే చోట్లకు 10 లక్షల డాలర్ల బీమా తప్పనిసరి చేసింది. ప్రీమియం మోయలేక యజమానులు గగ్గోలు పెట్టాక, 2025లో శాసనసభ నియమాలు మార్చింది, అవి 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చాయి.

ఇప్పుడు అసలు చోటికి వస్తున్నాను, దయచేసి నెమ్మదిగా చూడండి, ఎందుకంటే నేను ఇక్కడే ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను. ఉద్యోగి తప్పు యజమానికి అంటకుండా కాపాడే సేఫ్ హార్బర్ అనే నియమం ఉందని విని, రెండవ అధ్యాయమంతా వెతికాను. లేదు. కంట్రోల్ ఎఫ్ నొక్కి వెతికాను. లేదు. అది 106వ అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయం శీర్షిక వయసుకు సంబంధించిన నిబంధనలు! మైనర్లకు అమ్మకూడదనే సెక్షన్ల మధ్య, 106.14 దగ్గర, ఇది ఒదిగి కూర్చుంది. శీర్షిక చూసి మైనర్ల కోసమే అనుకోకండి, ఈ కోడ్‌లోని ఇతర నిబంధనలకూ వర్తిస్తుందని అందులోనే రాసి ఉంది, 2008లో పార్కర్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని డ్రామ్ షాప్ దావాకు అన్వయించింది కూడా.

మూడు షరతులు చదవండి. ఉద్యోగులు టీఏబీసీ, అంటే టెక్సస్‌లో మద్యం అమ్మకాలను నియంత్రించే ప్రభుత్వ సంస్థ, ఆమోదించిన శిక్షణకు హాజరు కావాలని యజమాని నిర్బంధించి ఉండాలి. ఆ ఉద్యోగి నిజంగా హాజరై ఉండాలి. చట్టం ఉల్లంఘించమని యజమాని ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని ప్రోత్సహించి ఉండకూడదు. మొదటి రెండూ రుజువు చేయవలసింది మీరు, మూడవది రుజువు చేయవలసింది బాధితుడు అని పార్కర్ కేసు తేల్చింది. అయితే అదే తీర్పు ఇంకో మాట చెప్పింది: ప్రోత్సాహం ఉద్దేశపూర్వకంగానే ఉండాలని లేదు, యజమాని నిర్లక్ష్యమైనా సరిపోతుంది.

రెండవ షరతు దగ్గర మళ్లీ ఆగుదాం. కొత్త ఉద్యోగికి శిక్షణ కోసం టీఏబీసీ నియమాల్లో 30 రోజుల గడువు కనిపిస్తుంది, కానీ సెక్షన్‌లో ఉన్న మాట "నిజంగా హాజరై" అని. అందుకే సర్టిఫికెట్ చేతికి రాకముందు ఎవరినీ బార్ వెనుక నిలబెట్టవద్దని నేను చెబుతాను. శని, ఆదివారాలు సాయానికి వచ్చే బావమరిదికి కూడా ఇదే మాట. ఇంకా, ఈ సెక్షన్ మాట్లాడేది ఉద్యోగి చర్య గురించి; యజమాని స్వయంగా గ్లాసు నింపితే ఆ గొడుగు కింద నిలబడతానని అనుకోకూడదు. మన చిన్న రెస్టారెంట్లలో రాత్రి పదింటికి కౌంటర్ దగ్గర నిలబడేది ఎవరో మీకే తెలుసు.

ఇక పట్టిక. పేరు, చేరిన తేదీ, శిక్షణ తేదీ, గడువు, విధానపత్రం మీద సంతకం. విధానపత్రం అంటే మద్యం వడ్డించేటప్పుడు మీ ఉద్యోగులు పాటించవలసిన నియమాలు రాసిన కాగితం. ఈ రోజు తేదీ కావాలంటే కంట్రోల్ నొక్కి సెమికోలన్ కొట్టండి, చేతితో టైపు చేయకండి. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది కనుక గడువు గడిలో ఈడేట్ సూత్రం రాసి, శిక్షణ తేదీకి 24 నెలలు కలపండి, కిందికి లాగండి. గడువు తీరిన వరుస ఎర్రగా మారేలా షరతు పెట్టండి. దీనికోసం నెలనెలా డబ్బు తీసుకునే సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి గాని, పదిమంది ఉద్యోగులకు ఈ పట్టిక చాలు. సర్టిఫికెట్ ప్రతినీ, సంతకం చేసిన విధానపత్రాన్నీ స్కాన్ చేసి అదే వరుసలో లంకె పెట్టండి. దావా వేయడానికి బాధితుడికి రెండేళ్ల గడువు ఉంటుంది కనుక, మానేసిన ఉద్యోగుల వరుసలు తీసివేయకండి, వేరే షీటుకు మార్చండి.

ఇది నేను లెక్కలు చూసే ఒక చోటి పట్టిక, పేర్లు తీసేసి చూపిస్తున్నాను. నాలుగవ వరుస ఎర్రగా ఉంది, సర్టిఫికెట్ గడువు పోయిన మంగళవారం తీరింది, ఆ అబ్బాయి ఈ రాత్రి ఆరింటికి డ్యూటీకి వస్తున్నాడు. రికార్డింగ్ ఇక్కడ ఆపుతాను, వాళ్లకు ఫోన్ చేయాలి.