షుగర్ అంకె చెప్పని సంగతులు: విజయవాడ స్టూడియోలో ఒక చర్చ

(విజయవాడ స్టూడియోలో జరిగిన చర్చలోని ముఖ్య భాగాల అక్షరరూపం ఇది. గుంటూరులో మధుమేహ రోగులను చూసే వైద్యుడు, విజయవాడలో మూత్రపిండాల వైద్యం చేసే నిపుణురాలు, వైద్య విద్యార్థులకు శరీరధర్మశాస్త్రం బోధించే ఆచార్యుడు ఇందులో పాల్గొన్నారు.)

నిర్వాహకురాలు: నమస్కారం. దీర్ఘకాలిక వ్యాధుల మూలాల గురించి ఇటీవలి పరిశోధనలు ఏమంటున్నాయో ఈ రోజు మాట్లాడుకుందాం. ఈ విషయం ఎంచుకోవడానికి నాకు సొంత కారణం ఉంది. మా నాన్నగారికి పదకొండేళ్లపాటు నెలనెలా పరగడుపు షుగర్ చూశారు, మాత్రలు మార్చారు, ‘అదుపులోనే ఉందమ్మా’ అని పంపించారు. ఆ పదకొండేళ్లలో మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో పరీక్ష చేయించమని ఒక్కసారి కూడా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడాయన వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్తున్నారు. అంకె అదుపులో ఉంటే జబ్బూ అదుపులో ఉన్నట్టేనని మా ఇంట్లో అందరం నమ్మాం. డాక్టర్ గారూ, ముందుగా మిమ్మల్నే అడుగుతాను. షుగర్ వ్యాధి అసలు ఎప్పుడు మొదలవుతుంది?

మధుమేహ వైద్యుడు: పరగడుపు రక్తంలో చక్కెర 126 దాటిందని ల్యాబ్ కాగితం చెప్పిన రోజున వ్యాధి పుట్టినట్టు అందరం లెక్కవేస్తాం. కాని బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగి 1998లో ప్రధాన ఫలితాలు వెలువరించిన యూకేపీడీఎస్ అధ్యయన సమాచారాన్ని వెనక్కి లెక్కగట్టి చూస్తే, వ్యాధి నిర్ధారణ అయ్యేనాటికే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల సామర్థ్యం సుమారు సగానికి పడిపోయి ఉంటుందని, ఆ పతనం అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలై ఉంటుందని తేలింది. మా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ‘నాకు ఇంకా బోర్డర్‌లోనే ఉంది సార్’ అని ధీమాగా చెబుతారు. ఆ బోర్డర్ దగ్గరికి రావడానికే శరీరం ఎంత పోగొట్టుకుందో వారికి ఎవరూ చెప్పలేదు. ఐసీఎంఆర్-ఇండియాబ్ పేరుతో 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంటే, వారనే ఆ బోర్డర్ మీద 13.6 కోట్ల మంది ఉన్నారు.

నిర్వాహకురాలు: లావుగా ఉన్నవారికే షుగర్ వస్తుందని చాలామంది అనుకుంటారు. మన వీధుల్లో చూస్తే సన్నగా ఉన్నవాళ్లే ఎక్కువగా మాత్రలు వేసుకుంటున్నారు కదా?

మధుమేహ వైద్యుడు: గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా పనిచేసే ఒకాయన మా దగ్గరికి వచ్చారు. వయసు ముప్పై ఎనిమిది, బరువు యాభై ఎనిమిది కిలోలు. ‘నేను లావు కాదు, తీపి తినను, నాకెందుకు వచ్చింది?’ అని అడుగుతుంటే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చొక్కా ఎత్తమని టేపు పెట్టి చూశాను. చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉన్నాయి, నడుం చుట్టుకొలత మాత్రం తొంభై మూడు సెంటీమీటర్లు ఉంది. మన మగవాళ్లలో తొంభై దాటితే జాగ్రత్తపడాలి, ఆడవాళ్లలో ఎనభై. తూకం యంత్రం చెప్పని సంగతి ఆ టేపు చెప్పింది.

ఆచార్యుడు: దీనికి పరిశోధనలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఉందమ్మా. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ ఫొటోనే 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఎత్తును బట్టి బరువును లెక్కగట్టే అంకె బీఎంఐ, ఇద్దరిదీ సరిగ్గా 22.3. శరీరంలో కొవ్వు శాతం మాత్రం యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. ఒకే బీఎంఐ ఉన్న రెండు దేహాల్లో కొవ్వు రెండింతలకు పైగా తేడాగా ఉంది. అదే యాజ్ఞిక్ బృందం పుణె పరిసర గ్రామాల్లో పుట్టిన శిశువులను ఇంగ్లండ్ శిశువులతో పోల్చింది. మన శిశువులు సగటున 2.7 కిలోల దగ్గర, వాళ్లు 3.5 కిలోల దగ్గర ఉన్నారు. మన పిల్లల్లో కండ, పొట్ట భాగంలోని అవయవాలు చిన్నవిగా ఉన్నా, వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు తగ్గలేదు. తల్లి కడుపులో పోషణ చాలనప్పుడు శిశువు దేహం మెదడును, కొవ్వును కాపాడుకుని కండను వదులుకుంటుందని వారి వివరణ. అంటే మీ గుమాస్తా గారి కథ ఆయన పుట్టకముందే కొంత రాసి ఉండవచ్చు.

నిర్వాహకురాలు: కండ తక్కువైతే చక్కెర ఎందుకు పెరగాలి, ఆచార్య గారూ? కాస్త విడమరిచి చెప్పండి.

ఆచార్యుడు: భోజనం చేశాక రక్తంలోకి వచ్చే చక్కెరలో ఎక్కువ భాగాన్ని ఇన్సులిన్ సాయంతో లోపలికి తీసుకుని దాచుకునేది కండే. కండ తక్కువగా ఉన్నా, ఉన్న కండ ఇన్సులిన్ మాట వినకపోయినా ఆ చక్కెర కాలేయం వైపు మళ్లుతుంది. కాలేయం దాన్ని కొవ్వుగా మారుస్తుంది. ఇక్కడే మన వాళ్లకు రెండో చిక్కు వస్తుంది. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు నిండిపోయిన సీజనులో మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, యార్డు నిండా, చివరికి రోడ్ల పక్కన పేరుకుపోవడం మనం చూస్తూనే ఉన్నాం. చర్మం కింది కొవ్వు కోల్డ్ స్టోరేజీ వంటిది, అక్కడ ఎంత దాచినా పెద్దగా హాని లేదు. ఆ చోటు కొందరికి పెద్దది, కొందరికి చిన్నది. చిన్న చోటు ఉన్నవారిలో అది త్వరగా నిండిపోయి, మిగిలిన కొవ్వు ఉండకూడని చోట, అంటే కాలేయంలో, క్లోమంలో చేరుతుంది. కొవ్వు పట్టిన కాలేయం రాత్రంతా చక్కెరను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, అందుకే ఏమీ తినకపోయినా పరగడుపు షుగర్ ఎక్కువ వస్తుంది. అదే కాలేయం మిగులు కొవ్వును రక్తంలోకి పంపితే అది క్లోమాన్ని చేరి బీటా కణాలను మందకొడిగా మారుస్తుంది. ఒకదాన్నొకటి పెంచుకునే ఈ రెండు చక్రాల సిద్ధాంతాన్ని న్యూకాజిల్ విశ్వవిద్యాలయానికి చెందిన రాయ్ టేలర్ ప్రతిపాదించారు.

నిర్వాహకురాలు: అది ప్రతిపాదనగానే ఉందా, రుజువైందా?

ఆచార్యుడు: 2011లో ఆయన బృందం పదకొండు మంది రోగులకు ఎనిమిది వారాలపాటు రోజుకు సుమారు 600 కేలరీల ఆహారం ఇచ్చి, ఎమ్మారై ద్వారా కాలేయంలో, క్లోమంలో కొవ్వును కొలిచింది. పరగడుపు షుగర్ ఒక్క వారంలోనే మామూలు స్థాయికి వచ్చింది. కాలేయంలో కొవ్వు 12.8 శాతం నుంచి 2.9 శాతానికి దిగింది. క్లోమంలో కొవ్వు నెమ్మదిగా తగ్గుతూ, ఎనిమిది వారాలకు ఇన్సులిన్ స్రావం తిరిగి పుంజుకుంది. చనిపోయాయనుకున్న బీటా కణాలు కొన్ని నిద్రపోయాయే గాని చనిపోలేదు. నాకైతే ఈ పాతికేళ్లలో మధుమేహం గురించి చదివిన వాటిలో మనసును ఇంతగా కదిలించిన ఫలితం మరొకటి లేదు.

మధుమేహ వైద్యుడు: పదకొండు మందితో తీర్పు చెప్పలేం కాబట్టి, ఆ తర్వాత 306 మందితో డైరెక్ట్ అనే పరీక్ష జరిగింది. 2017 ఫలితాల ప్రకారం బరువు తగ్గించే కార్యక్రమంలో ఉన్నవారిలో ఏడాదికి 46 శాతం మంది మందులు లేకుండానే మధుమేహ స్థాయికి దిగువన ఉన్నారు, మామూలు వైద్యం పొందినవారిలో అది 4 శాతం. పదిహేను కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో 86 శాతం. వీరందరికీ షుగర్ వచ్చి ఆరేళ్ల లోపే అయింది. లావు లేనివారి మాటేమిటని మీరు అడుగుతారని తెలుసు. బీఎంఐ 27 లోపు ఉన్న ఇరవై మందితో రీట్యూన్ అనే చిన్న అధ్యయనం జరిగింది, అందులో పద్నాలుగు మందికి షుగర్ వెనక్కి తగ్గింది. వారికి శరీర బరువులో ఆరేడు శాతం తగ్గడమే సరిపోయింది.

మూత్రపిండాల నిపుణురాలు: ఇక్కడ నేను అడ్డుపడాలి. ‘నయమైంది’ అన్న మాట దయచేసి ఎవరూ వాడవద్దు. డైరెక్ట్ పరీక్షలోనే రెండో ఏడాదికి 46 శాతం కాస్తా 36 శాతానికి తగ్గింది. బరువు తిరిగి పెరిగితే షుగరూ తిరిగి వస్తుంది. షుగర్ పోయిందని పరీక్షలు మానేసి, మూడేళ్ల తర్వాత కాళ్ల వాపుతో మా దగ్గరికి వచ్చినవారిని నేను చూశాను. ఇంకో ప్రమాదమూ ఉంది. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో వాడుతూ ఎవరో చెప్పారని హఠాత్తుగా తిండి తగ్గిస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది.

మధుమేహ వైద్యుడు: ఒప్పుకుంటాను. మందుల మోతాదు ముందుగా తగ్గించకుండా ఎవరూ అటువంటి ఆహార నియమం మొదలుపెట్టకూడదు. కాని మేడమ్, ‘ఇది జీవితాంతం పెరుగుతూ పోయే జబ్బు, చేయగలిగిందేమీ లేదు’ అని మొదటి రోజే చెప్పేయడం కూడా రోగికి అన్యాయమే.

మూత్రపిండాల నిపుణురాలు: అది నిజమే, ఆ మాటతో నాకూ పేచీ లేదు.

నిర్వాహకురాలు: మేడమ్, ఇక మా నాన్నగారి విషయానికి వస్తాను. షుగర్ అదుపులోనే ఉందన్నప్పుడు కిడ్నీలు ఎలా పాడయ్యాయి?

మూత్రపిండాల నిపుణురాలు: ఆయన కాగితాలు చూడకుండా ఆయన గురించి చెప్పలేనమ్మా, కాని సాధారణంగా జరిగేది చెబుతాను. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిపి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి, దానితోపాటు 180 గ్రాముల దాకా చక్కెర కూడా దిగుతుంది. ఆ చక్కెరలో ఎక్కువ భాగాన్ని ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రోటీన్ సోడియంతో జతగా లాగి రక్తంలోకి తిరిగి పంపుతుంది. షుగర్ ఉన్నవారిలో దిగే చక్కెర ఎక్కువ, దాన్ని లాగే ప్రోటీన్ కూడా ఎక్కువే, దానివల్ల సోడియం కూడా పైనే ఎక్కువగా పీల్చుకుపోతుంది. కొంచెం దిగువన సోడియం ఎంత వస్తోందో కొలిచే కణాలు ఉన్నాయి. మన కృష్ణా కాలువల మీద గేజీ చూసి తలుపులు ఎత్తే లస్కరును ఊహించుకోండి. దిగువకు నీరు చాలడం లేదని గేజీ తప్పుగా చూపిస్తే లస్కరు తలుపులు ఇంకా పైకెత్తుతాడు. అదే విధంగా ఆ కణాలు సోడియం తక్కువగా కనబడగానే వడపోత గుత్తిలోకి వచ్చే రక్తనాళాన్ని వెడల్పు చేయిస్తాయి. లోపల ఒత్తిడి పెరిగి, వడపోత మామూలు కంటే ఎక్కువ జరుగుతుంది. కిడ్నీల పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో కొలిచే క్రియాటినిన్ ఆ దశలో చక్కగా ఉంటుంది, అందరూ సంతోషిస్తారు. ఒత్తిడికి జల్లెడ పాడై ఆల్బుమిన్ జారడం మొదలవుతుంది, తర్వాత గుత్తులు ఒక్కొక్కటిగా మచ్చపడి మూసుకుపోతాయి. క్రియాటినిన్ పెరిగేనాటికి సగానికి సగం పోయి ఉంటాయి.

నిర్వాహకురాలు: అంటే ఆల్బుమిన్ పరీక్ష చేసి ఉంటే...

మూత్రపిండాల నిపుణురాలు: తెలిసి ఉండేది. చిన్న సీసాలో ఉదయపు మూత్రం ఇస్తే చాలు, ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి చూస్తారు. 30 లోపు ఉండాలి. టైప్ 2 అయితే వ్యాధి తెలిసిన రోజునే ఒకసారి, ఆపైన ఏటా చేయించాలి. రాసేది ఒక్క పంక్తి, అది రాయని చీటీలు రోజూ నా బల్ల మీదికి వస్తుంటే నాకు బాధ కలుగుతుంది.

ఆచార్యుడు: ఆ ఎస్‌జీఎల్‌టీ2ను ఆపే మందుల మూలం ఆపిల్ చెట్టు వేరు బెరడు. 1835లో దాని నుంచి ఫ్లోరిజిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది మూత్రంలోకి చక్కెరను పంపుతుందని తర్వాత తెలిసింది, మందుగా మారడానికి మాత్రం శతాబ్దానికి పైగా పట్టింది.

మూత్రపిండాల నిపుణురాలు: షుగర్ తగ్గించడానికని తెచ్చిన మందు కిడ్నీలనూ గుండెనూ కాపాడుతుందని తేలడం మా అందరికీ ఆశ్చర్యమే. 2020లో వచ్చిన డపా-సీకేడీ పరీక్షలో 4,304 మంది కిడ్నీ రోగులున్నారు. ఈ రకం మందైన డపాగ్లిఫ్లోజిన్ తీసుకున్నవారిలో కిడ్నీలు బాగా క్షీణించడం, డయాలసిస్ దాకా వెళ్లడం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణించడం, ఇవన్నీ కలిపి చూస్తే 39 శాతం తగ్గాయి. షుగర్ లేని కిడ్నీ రోగుల్లో కూడా అదే మేలు కనిపించింది. మందు వేసుకోగానే సోడియం దిగువకు చేరుతుంది, లస్కరుకు గేజీ సరిగ్గా కనబడుతుంది, గుత్తిలో ఒత్తిడి దిగుతుంది. అందువల్లే మొదటి వారాల్లో క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. అది చూసి భయపడి మందు ఆపేసేవారున్నారు. సాధారణంగా ఆపనక్కర్లేదు, మీ వైద్యుణ్ని అడగండి. జననాంగాల దగ్గర ఫంగస్ రావచ్చు, శుభ్రత పాటించాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఉపవాసాలున్నప్పుడు మాత్రం తాత్కాలికంగా ఆపాలి. మన దేశంలో డపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2020లో, అదే రకానికి చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ 2025 మార్చిలో ముగిశాక చాలా కంపెనీలు తయారుచేస్తున్నాయి, ధర బాగా దిగింది.

నిర్వాహకురాలు: ఇన్‌ఫ్లమేషన్, అంటే శరీరం లోపలి వాపు, అనే మాట ఇప్పుడు అన్ని చోట్లా వినిపిస్తోంది. పసుపు పాలు తాగితే పోతుందని కూడా అంటున్నారు.

ఆచార్యుడు: క్లుప్తంగా చెబుతాను. ఊబకాయం ఉన్న ఎలుకల కొవ్వు కణజాలం టీఎన్ఎఫ్ అనే వాపు పదార్థాన్ని విడుదల చేస్తుందని 1993లో కనుగొన్నారు. 2017లో కాంటోస్ పరీక్షలో పదివేల మందికి పైగా గుండెపోటు బాధితులకు కొలెస్ట్రాల్‌ను ముట్టకుండా వాపును మాత్రమే తగ్గించే కనాకినుమాబ్ అనే మందు ఇస్తే, మళ్లీ గుండెపోటు, పక్షవాతం వంటివి 15 శాతం తగ్గాయి. అదే సమయంలో ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి. పసుపు పాలు తాగితే తప్పులేదు, కాని అది గుండెపోట్లను ఆపుతుందని ఈ స్థాయి పరీక్షలో ఎవరూ రుజువు చేయలేదు.

నిర్వాహకురాలు: తెనాలి నుంచి ఒక ప్రేక్షకురాలు ఫోనులో ఉన్నారు. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు: నమస్కారమండీ. మా ఆయనకూ నాకూ ఇద్దరికీ షుగర్ ఉంది. మా అబ్బాయికి ఇరవై ఆరేళ్లు, హైదరాబాదులో ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే ఉంటాడు. సన్నగానే ఉంటాడు కాని ఈ మధ్య పొట్ట వస్తోంది. వాడికి ఇప్పుడే పరీక్షలు చేయించాలా? ‘నాకేం లేదమ్మా’ అంటాడు.

మధుమేహ వైద్యుడు: తప్పకుండా చేయించండమ్మా. అమ్మానాన్నలిద్దరికీ ఉన్నప్పుడు ముప్పై ఏళ్లు రానక్కర్లేదు. పరగడుపు షుగర్ 100 దాటినా, మూడు నెలల సగటు 5.7 దాటినా బోర్డర్‌లో ఉన్నట్టే. చెన్నైలో రామచంద్రన్ గారి బృందం బోర్డర్‌లో ఉన్న 531 మంది మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, నడక, ఆహార మార్పులతో షుగర్‌గా మారే అవకాశం 28.5 శాతం తగ్గింది. అన్నం మానమని చెప్పను. కంచంలో ముందు కూర, పప్పు పెట్టుకుని, అన్నం ఇప్పుడు తినే దానిలో సగం చేయమనండి. కండ పెరిగే వ్యాయామం వారానికి రెండు మూడు రోజులు చేయించండి, మన దేహాలకు అది మరీ అవసరం.

ప్రేక్షకురాలు: వచ్చే ఆదివారం ఇంటికి వస్తున్నాడండీ. సోమవారం పొద్దున్నే తీసుకెళ్తాను.

మధుమేహ వైద్యుడు: ఆదివారం రాత్రి భోజనం తొందరగా పెట్టేయండమ్మా, పరీక్షకు ఎనిమిది గంటలైనా కడుపు ఖాళీగా ఉండాలి. మంచినీళ్లు తాగవచ్చు, కాఫీ మాత్రం వద్దు. వెళ్లేముందు ఇంట్లో కుట్టు టేపు ఉంటే నడుం కొలత రాసుకుని వెళ్లండి.

మూత్రపిండాల నిపుణురాలు: అబ్బాయిని తీసుకెళ్లినప్పుడు మీరిద్దరూ కూడా మూత్రం సీసా ఇచ్చి రండమ్మా.