బర్ధమాన్ పల్లెలో మూడేళ్ళు

హోస్ట్: నమస్కారం. ఈరోజు మనతో మాట్లాడుతున్న అక్కది పశ్చిమగోదావరి. బ్యాంకు ఉద్యోగం మీద మూడేళ్ళు బెంగాల్‌లోని పూర్వ బర్ధమాన్ జిల్లాలో, పక్కా పల్లెటూళ్ళో ఉన్నారు. అక్కా, వెళ్ళిన కొత్తలో ముందు ఏం కనిపించింది?

అక్క: చెరువులు తమ్ముడూ. మన ఊళ్ళకు ఒకటో రెండో ఉంటాయి కదా, అక్కడ నాలుగిళ్ళు దాటితే ఇంకో చెరువు. పుకూర్ అంటారు. స్నానం, గిన్నెలు తోమడం, చేపలు, అన్నీ అందులోనే. అన్నదమ్ములు వేరుపడితే పొలంతో పాటు చెరువులోనూ వాటాలే. వల వేసిన రోజు గట్టు మీద వాటాల లెక్కన చేపల్ని కుప్పలు పోస్తారు.

హోస్ట్: మన భీమవరం, కైకలూరు చేపలు కూడా అక్కడికే వెళ్తాయి కదా?

అక్క: హౌరా మార్కెట్‌కి వెళ్ళి, అక్కడినుంచి సంతలకు వస్తాయి. ఐసులో వచ్చిన మన శీలావతిని వాళ్ళు ‘చాలానీ’ అంటారు, బయటి సరుకని. ఊరి చెరువులో పట్టింది ఉంటే మొదటి చూపు దానిమీదే.

హోస్ట్: తిండి ఎలా ఉండేది?

అక్క: పొద్దున్నే ముడి, అంటే మన మరమరాలే. ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలుపుకుంటారు. ఎండాకాలం పాంతా భాత్, ఉల్లిపాయ నంజుకోవడంతో సహా మన చద్దన్నమే.

హోస్ట్: మరి వ్యవసాయం?

అక్క: పొలం ఖాళీగా ఉండదు. వానల్లో ఆమన్ వరి ఊడుస్తారు, నవంబరు, డిసెంబరుల్లో కోత. కొత్త బియ్యం, పాలు, బెల్లం, కొబ్బరి కలిపి ‘నబాన్న’ పండుగ చేసి, కాకులకూ పెడతారు. కోసిన మడినే దున్ని బంగాళాదుంప వేస్తారు. అది తీశాక నీళ్ళుంటే బోరో వరి, అంటే మన దాళ్వా లాంటిది, లేకపోతే నువ్వులు. చాలామందికి ఎకరం కూడా ఉండదు. అక్కడి లెక్క బీఘాల్లో, మూడు బీఘాలు కలిస్తే సుమారు ఎకరం.

దుంపతోనే టెన్షన్. పొగమంచు పట్టి నాలుగు రోజులు ఎండ రాకపోతే ఆకు నల్లబడి కుళ్ళిపోతుంది, ‘ధసా’ అంటారు. పంట దక్కితే 50 కిలోల బస్తాలు కోల్డ్ స్టోరేజీకి చేరతాయి, బస్తాలు దాచినట్టు చేతికి బాండు కాగితం వస్తుంది. ధర వచ్చేదాకా ఆగగలిగిన వాళ్ళకే ఆ కాగితం. అప్పు తీర్చాల్సిన చిన్న రైతు పొలంలోనే అమ్మేస్తాడు. ధర పడిపోయిన ఏడాది మా కౌంటర్ ముందు నిలబడిన వాళ్ళు నాకింకా గుర్తున్నారు.

హోస్ట్: కౌలుదార్లకు మీరు లోన్లు ఇచ్చారట?

అక్క: ఇచ్చాను. మా నాన్న కౌలు రైతు. ముప్పై ఏళ్ళు ఒకే ఆసామి పొలం చేసినా చేతిలో కాగితం ముక్క లేదు. లోనుకు వెళ్తే పాస్‌బుక్ ఏదనేవారు. అక్కడేమో ఒక పెద్దాయన నా ముందు కూర్చుని, పాలిథిన్ కవర్లోంచి తన పేరున్న బర్గా కాగితం తీశాడు. బర్గాదారు అంటే పంటలో వాటాకు సాగుచేసేవాడు. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

హోస్ట్: ఆ కాగితం ఎలా వచ్చింది?

అక్క: ఊరికే రాలేదు. 1946లో తెభాగా ఉద్యమం, పంటలో మూడింట రెండొంతులు సాగుచేసినవాడికే అని. తర్వాత చట్టాలొచ్చాయి, పేర్లు మాత్రం రికార్డుకెక్కలేదు. 1978లో ఆపరేషన్ బర్గా మొదలయ్యాక అధికారులే సాయంత్రాలు ఊళ్ళోకి వచ్చి, ఏ పొలం ఎవరు చేస్తున్నారో అందరి ముందూ అడిగి రాసుకున్నారు. దాదాపు 14 లక్షల మంది పేర్లెక్కాయి. పెట్టుబడి బర్గాదారుదైతే పంటలో 75 శాతం అతనిదే, యజమాని పెడితే సగం సగం. ఆ హక్కు పిల్లలకూ వస్తుంది.

హోస్ట్: అయితే అక్కడ కౌలు బాధ లేనట్టేనా?

అక్క: ఉంది. ఒక్క దుంప పంటకు నోటిమాట మీద పొలం తీసుకునేవాళ్ళున్నారు, వాళ్ళ పరిస్థితి మా నాన్న పరిస్థితే. హక్కు ఉన్నచోట కూడా ముగ్గురు కొడుకులు పంచుకుంటే ఏం మిగులుతుంది? అందుకే కుర్రాళ్ళు వలస పోతున్నారు. మొన్న దాళ్వా ఊడ్పులకు మా ఊరికీ వచ్చారు. బెంగాలీలో పలకరిస్తే ఎంత సంబరపడ్డారో! పొద్దున్నే నాన్న వాళ్ళకు చద్దన్నం పెట్టించారు. ఒకబ్బాయి ఉల్లిపాయ చితక్కొట్టి వేసుకుని, ఆవనూనె ఉందా దీదీ అని అడిగాడు. మా ఇంట్లో ఎక్కడిది? సాయంత్రం తాడేపల్లిగూడెం వెళ్ళి ఒక సీసా తెచ్చాను.