మొదటి కార్డు, చిన్న లిమిట్

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఈమధ్యే ఉద్యోగంలో చేరారు, మొదటి క్రెడిట్ కార్డు ఇప్పుడిప్పుడే చేతికొచ్చింది. తీరా చూస్తే లిమిట్ పాతిక వేలు. అదే జీతం తీసుకునే పక్క సీటు అతనికి లక్షన్నర. మనసు చివుక్కుమంటుంది. అనాల్సిందే కూడా.

కానీ బ్యాంకు జీతం ఒక్కటే చూడదు. అప్పు తీసుకుని సక్రమంగా కట్టిన చరిత్ర ఉందా అని చూస్తుంది. ఆ చరిత్రకు వేసే మార్కులే సిబిల్ స్కోరు, అది 300 నుంచి 900 దాకా ఉంటుంది. ఎన్నడూ అప్పు చేయనివాళ్ళకు అసలు స్కోరే ఉండదు. స్కోరు లేకపోవడం వేరు, చెడ్డ స్కోరు వేరు. కాలనీకి కొత్తగా వచ్చినవాళ్ళకు కిరాణా కొట్టాయన పాల ప్యాకెట్ అరువిస్తాడు గానీ బియ్యం బస్తా ఇవ్వడు కదా. పైగా 2023 నవంబరులో రిజర్వ్ బ్యాంకు, కార్డు బాకీల మీద బ్యాంకుల రిస్క్ వెయిట్‌ను 125 నుంచి 150 శాతానికి పెంచింది. అంటే ఆ బాకీలకు బ్యాంకు మునుపటికంటే ఎక్కువ మూలధనం చూపించాలి. ముక్కూ మొహం తెలియనివాళ్ళ దగ్గర అది ఆచితూచి అడుగేస్తుంది.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఒకే వారంలో ఇంకో మూడు బ్యాంకులకు అప్లై చేస్తారు. ప్రతి అప్లికేషనూ మీ క్రెడిట్ రిపోర్టులో, అంటే మీ అప్పుల చిట్టాలో, ఎంక్వయిరీగా నమోదవుతుంది. చూసేవాళ్ళకు మీరు అప్పు కోసం తిరుగుతున్నట్టే కనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి.

అసలు చిక్కు వాడకంలో ఉంది. లిమిట్‌లో 30 శాతం లోపే వాడమని అందరూ చెబుతారు. అది చట్టమేమీ కాదు, కానీ పాటిస్తే మంచిది. పాతిక వేలలో 30 శాతం అంటే ఏడున్నర వేలు. పండక్కి ఇంటికి వెళ్ళే టికెట్లు, నలుగురికి బట్టలు కొంటే దాటిపోతుంది. అలాంటప్పుడు బిల్లు వచ్చేదాకా ఆగొద్దు. పద్దెనిమిది వేలు ఖర్చయిందనుకోండి, కొన్న రెండు మూడు రోజుల్లోనే యాప్‌లో పద్నాలుగు వేలు కట్టేయండి. కార్డు మీద నాలుగు వేలే మిగులుతుంది. 2025 జనవరి నుంచి బ్యాంకులు కనీసం పదిహేను రోజులకోసారి మన వివరాలు క్రెడిట్ బ్యూరోలకు, అంటే ఈ స్కోర్లూ రిపోర్టులూ తయారుచేసే సంస్థలకు, పంపాలి, కాబట్టి బాకీ ఎంత తొందరగా తగ్గితే అంత మేలు.

ఈఎంఐతో మరీ జాగ్రత్త. ఇరవై వేల ఫోను ఈఎంఐలో తీసుకుంటే నెలకు కట్టేది రెండు వేల లోపే అనుకుంటాం. కానీ మామూలుగా మొత్తం ఇరవై వేలూ లిమిట్‌లోంచి బ్లాక్ అవుతాయి, వాయిదా కట్టినప్పుడల్లా కొంచెం కొంచెంగా విడుదలవుతాయి. ఏడాదిపాటు కార్డు చేతిలో ఉన్నా లేనట్టే.

ఆరు నెలలో, ఏడాదో బిల్లు మొత్తం గడువులోగా కట్టండి. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన చిన్న మొత్తం మాత్రమే కట్టి ఊరుకుంటే మిగతాదానికి నెలకు 3.5 శాతం దాకా, ఏడాదికి 42 శాతం వడ్డీ పడవచ్చు. అలా కట్టుకుంటూ వచ్చాక జీతం స్లిప్పులు పెట్టి లిమిట్ పెంచమని మీరే అడగండి. జీతం పెరిగితే ఆ సంగతి బ్యాంకుకు తెలియజేయండి, దానంతటదే తెలుసుకుంటుందని ఊరుకోవద్దు. మీ అనుమతి లేకుండా బ్యాంకు లిమిట్ పెంచడానికి వీల్లేదు, కాబట్టి ఆఫర్ మెసేజ్ వస్తే చదవకుండా చెరిపేయకండి. అసలు కార్డే రానివాళ్ళు ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకోవచ్చు. అక్కడ లిమిట్ డిపాజిట్‌ను బట్టి ఉంటుంది, చరిత్ర మాత్రం మామూలు కార్డులాగే తయారవుతుంది.

చివరగా ఒక పని ఈ వారమే చేయండి. మన దేశంలోని నాలుగు బ్యూరోలూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని మీ పేరు, పాన్, కార్డు లిమిట్ సరిగ్గా పడ్డాయో లేదో చూసుకోండి. తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి.