అరకు రైలు నెమ్మది కాదు, కొండెక్కుతోంది!

విశాఖ నుంచి వెళ్ళే అరకు రైలు మాట ఎత్తితే చాలు, "అబ్బా, నాలుగు గంటలా! నత్తలా పోతుంది కదండీ" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అది కొండెక్కుతోందండీ!

వడ్ల బస్తాలేసిన ఎడ్లబండి చెరువు గట్టు ఎక్కడం చూశారా? బండితోలేవాడు ఎడ్లని గట్టుకి ఎదురుగా తోలడు. గట్టు వెంబడి ఏటవాలుగా తోలుకొస్తాడు. దూరం పెరుగుతుంది, కానీ బండి వెనక్కి జారదు. రైలు సంగతీ అంతే. ఇనప చక్రం, ఇనప పట్టా, రెండూ నున్ననివే. రబ్బరు టైరుకున్న పట్టు వీటికి లేదు. అందుకే ఈ ఘాట్‌లో 60 మీటర్లు ముందుకెళ్తే ఒక్క మీటరు పైకి లేస్తుంది. కొండల కింద శృంగవరపుకోట దగ్గరంతా మైదానం. పైన, అరకుకి కాస్త ముందొచ్చే శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే సుమారు 900 మీటర్లు ఎక్కాలి. 60తో గుణించండి: 54 కిలోమీటర్ల పట్టా! అంత దూరం కావాలంటే లైను కొండల్ని చుట్టుకుంటూ, లోయల్లోకి దూరి వస్తూ పోవాల్సిందే.

గట్టు మీద బండిని గబుక్కున తిప్పితే బోల్తా పడుతుంది. రైలుకీ మలుపు విశాలంగా ఉండాలి. బస్సయితే కొండ ముక్కు దగ్గర గిర్రున తిరిగేస్తుంది. రైలు అలా తిరగలేదు కాబట్టి ఆ ముక్కునే తొలుచుకుని పోతుంది. ఈ లైను మీద 58 సొరంగాలున్నాయంటే అందుకే. చిమిడిపల్లి దాటాక మాటలాపి కాసేపు వినండి. మలుపులో చక్రం అంచు పట్టాని ఒరుసుకుంటూ కీచుమంటుంది. సొరంగంలోకి దూరగానే చల్లగాలి, తడి రాతి వాసన. ఎన్నిసార్లు వెళ్ళినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అసలు ఇది మనల్ని తిప్పడానికి వేసిన లైను కానే కాదు. 1960ల్లో ఛత్తీస్‌గఢ్ వైపున్న బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చి జపాన్‌కి పంపడానికి వేశారు. కొత్తవలస–కిరండూల్, అంటే కేకే లైను. మళ్ళీ మన ఎడ్లబండి దగ్గరికి రండి. ఈ ఘాట్‌లో ఖాళీ బండి గట్టెక్కుతుంది, నిండు బండి దిగుతుంది. బరువుతో దిగడమే కష్టం, బండి ఎడ్ల మెడమీదికి తోసుకొచ్చేస్తుంది. గూడ్సులోనూ ఆ భారమంతా బ్రేకుల మీదే. ఎర్ర దుమ్ము పట్టిన వ్యాగన్లు ఎదురొస్తే విసుక్కోకండి, ఈ దారి వాటికోసం పుట్టిందే.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. శిమిలిగుడ దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని ఇంకా చెప్తున్నారు. అది ఒకప్పటి మాట, కాశ్మీర్ లైను వచ్చాక కాదు. బొర్రా గుహలు స్టేషన్ అరకుకి ముందే వస్తుంది, గుహలు చూడాలంటే అక్కడే దిగిపోండి. 2017లో వచ్చిన విస్టాడోమ్ అద్దాల బోగీలో టికెట్ దొరక్కపోయినా బెంగొద్దు. మామూలు బోగీ కిటికీలోంచి గాలి వస్తుంది, నా ఓటు దానికే. వానాకాలంలో కొండచరియలు పడితే రైళ్ళు ఆపేస్తారు, కనుక్కుని బయల్దేరండి. నవంబరులో వీలైతే మరీ మంచిది, అరకు దగ్గరపడేసరికి పట్టాల పక్కనే వలిసె చేలు (నూనెగింజల పంట) పసుపుపచ్చగా పూసి ఉంటాయి.