ఏడాది ఉండగలిగితేనే చెయ్యి పట్టుకోండి

శ్రోతలకు నమస్కారం.

పద్నాలుగేళ్లు వచ్చేసరికి చాలామంది పిల్లలకు ఇంట్లో మాటలు తగ్గిపోతాయి. "ఏమైందిరా?" అంటే "ఏం లేదు" అంటారు. అదే పిల్లాడు, సైకిల్ చెయిన్ ఎక్కించడం నేర్పే అన్న పక్కన గొంతుక్కూర్చుని, వేళ్లకు గ్రీజు పూసుకుని, తలెత్తకుండానే లెక్కల్లో తప్పిన సంగతి బయటపెడతాడు. ఆ అన్నకు వాడి మార్కులతో పనిలేదు, ఇంటి పరువుతోనూ పనిలేదు. పైగా చేతులు పనిలో ఉన్నప్పుడు నోరు తేలిగ్గా పెగులుతుంది. కన్నవాళ్లు కాకపోయినా పిల్లలకు తోడుగా నిలిచే ఇలాంటి పెద్దల గురించే ఈ మాటలు.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన పిల్లల్ని ఎమీ వెర్నర్, రూత్ స్మిత్ అనే పరిశోధకులు దశాబ్దాల తరబడి గమనించారు. పుట్టుకతోనే కష్టాలు చుట్టుముట్టిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్ల వెనక కన్నవాళ్లే కాక, నమ్మకంగా నిలబడ్డ మరో పెద్దమనిషి తరచూ కనిపించారు.

అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే సంస్థ ఇలాంటి పెద్దల్ని పిల్లలతో జతకలుపుతుంది. దాని మీద 1995లో వచ్చిన అధ్యయనంలో, తోడు దొరికిన పిల్లలు మత్తుమందుల జోలికి వెళ్లడం మిగతావాళ్లకంటే 46 శాతం తక్కువ. బడి ఎగ్గొట్టడం సుమారు సగం.

అంతవరకూ బాగానే ఉంది. 2002లో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ అనే పరిశోధకులు అదే సమాచారాన్ని మళ్లీ తిరగేస్తే అసలు సంగతి తేలింది. మేలు ఎక్కువగా కనిపించింది, పెద్దాయనా పిల్లాడూ ఏడాది, ఆపైన కలిసి నిలిచినచోటే. మూడు నెలలు తిరక్కుండానే తెగిపోయినచోట పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం ఉన్నదానికంటే తగ్గింది. ఎందుకు తగ్గదు? పెద్దాయనకు తీరిక లేకపోయింది. పిల్లాడికి మాత్రం తనలోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది.

అందుకే ఉత్సాహంగా నాలుగు వారాలు వచ్చి మాయమయ్యేవాళ్లు అసలు రాకపోవడమే నయమంటాను. గొప్ప చదువులు అక్కర్లేదు. నీతిబోధలు అంతకన్నా అక్కర్లేదు (మైకు ముందు కూర్చుని నేనీ మాట అనడం విడ్డూరమే అనుకోండి). చెప్పిన రోజున, చెప్పిన వేళకు వెళ్లాలి. కిందటిసారి వాడు చెప్పిన పరీక్ష ఏమైందో గుర్తుపెట్టుకుని అడగాలి.

కలిసేది నలుగురూ మసిలే చోటే కావాలి, ఇంట్లోవాళ్లకు తెలిసే జరగాలి. "అమ్మకు చెప్పకు" అనే పెద్దమనిషిని దగ్గరికి రానివ్వకండి. ఊరు మారో, ఉద్యోగం మారో మానుకోవాల్సి వస్తే కొన్ని వారాల ముందే పిల్లలకు కారణం చెప్పండి. ఫోన్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకుండా, ఎదురుగా కూర్చుని చెప్పండి.