అందరి గదికి ఒక తాళం

శ్రోతలకు నమస్కారం.

చెన్నైలో పాత ఇల్లు పడగొట్టి అన్నదమ్ములు తలా ఒక అంతస్తు కట్టుకున్నచోట, కింద మెట్ల పక్కన తరచు ఒక సామాన్ల గది ఉంటుంది. బొమ్మల కొలువు పెట్టెలు, పెళ్ళిళ్ళకు తీసే ఇత్తడి గంగాళాలు, ఊరగాయ జాడీలు, పిల్లల సైకిళ్ళు అన్నీ అందులోనే. గది అందరిదీ, తాళంచెవి మాత్రం ఒక్క ఇల్లాలి దగ్గర. ఆవిడ ఊరికి వెళితే దసరాకు బొమ్మలు దించడం ఆగిపోతుంది. అందుకే చాలామంది ఇప్పుడు ఈ గదికి స్మార్ట్ తాళం, అంటే వేలిముద్రతోనో, ఫోనుతోనో, అంకెలు నొక్కితేనో తెరుచుకునే తాళం పెట్టించాలని చూస్తున్నారు. మంచి ఆలోచనే. అయితే వీధి తలుపుకు పనికొచ్చే తాళమే ఈ గదికీ సరిపోతుందని అనుకోకండి.

ముందు వేలిముద్ర సంగతి. దుకాణంలో చూపించినప్పుడు ముచ్చటగానే ఉంటుంది. కానీ యాభై ఏళ్ళు చింతపండు పిసికి, గిన్నెలు తోమిన అమ్మమ్మ వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. ఆవిడ వేలు పెడుతుంది, ఎర్రదీపం. కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెడుతుంది, మళ్ళీ ఎర్రదీపం. తన ఇంట్లో, తను సర్దిన గది ముందు ఆవిడ అలా నిలబడిపోవడం న్యాయం కాదు. తడి చేతులకూ ఇదే ఇబ్బంది. వేలిముద్ర ఉంటే ఉండనివ్వండి, దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఫోనుతో మాత్రమే తెరుచుకునేదైతే అసలు వద్దు. ఫోను లేని పిల్లలకు, పనికి వచ్చే మనిషికి అది తెరుచుకోదు. పైగా మెట్ల కింద గదిదాకా వైఫై అందడం కష్టం.

నా సలహా అడిగితే, అంకెలు నొక్కే తాళం తీసుకోండి, దానికి మామూలు తాళంచెవి కూడా ఉండాలి. అంకెలు ఇంటిల్లిపాదికీ ఒకటే పెట్టకండి. ఎవరి అంకెలు వారికే ఉండాలి. అందరూ అవే నాలుగు మీటలు నొక్కుతుంటే కొన్నాళ్ళకు అవి మాత్రమే అరిగి, మెరిసి, చూసినవాళ్ళకు రహస్యం చెప్పేస్తాయి. నాలుగంకెలతో 10,000 రకాలే కుదురుతాయి, ఆరంకెలతో 10 లక్షలు. అందుకని ఆరంకెలు పట్టేది చూడండి.

ఇక కరెంటు. 2016 డిసెంబరు 12న వార్దా తుపాను వచ్చినప్పుడు ఈ నగరంలో ఎన్నో వీధులు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అయస్కాంతంతో పట్టి ఉంచే తాళం కరెంటు పోగానే వదిలేస్తుంది, ఇంటికి అది వద్దు. బ్యాటరీ తాళాల్లో చాలావాటికి నాలుగు పెన్సిల్ సెల్స్ సరిపోతాయి. అవి పూర్తిగా అయిపోతే బయటినుంచి పవర్ బ్యాంకు తగిలించి తెరిచే వీలుందా అని అడగండి. పవర్ బ్యాంకు తగిలించే ఆ చిన్న రంధ్రం తరచు తాళం అడుగున ఉంటుంది, దుకాణంలోనే వంగి చూసి, వేలు పెట్టి తడుముకోండి. చీకట్లో మీకు అక్కరకొచ్చేది అదే. నీళ్ళు నిలిచే వీధి అయితే తాళాన్ని తలుపు మీద ఎంత ఎత్తుగా పెట్టిస్తే అంత మేలు.

తాళం కన్నా ముందు తలుపును చూడాలి. ఐదారు వందలకు వడ్రంగి చేసే పనిని వదిలేసి వేలు పోసి తాళం కొనేవాళ్ళను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అక్టోబరు నుంచి వానలు పట్టుకుంటే చెక్క తలుపు ఉబ్బుతుంది. చేత్తో గడియ వేసేవాళ్ళం తలుపును కాస్త ఎత్తి, భుజంతో నెట్టి వేస్తాం. తాళంలో గడియను నడిపే మోటారుకు ఆ ఉపాయం తెలియదు. గడియ కన్నంలో ఇరుక్కుని గింజుకుంటుంది, బ్యాటరీ తినేస్తుంది. ఒక్క వేలితో నెడితే తలుపు మూసుకుని, గడియ సాఫీగా దిగాలి. అలా దిగేదాకా చిత్రిక పట్టించండి. తిరువాన్మియూరు, బెసంట్ నగర్ వైపు సముద్రపు గాలికి సాధారణ ఇనుము తొందరగా తుప్పుపడుతుంది, స్టెయిన్‌లెస్ స్టీలుదే తీసుకోండి.

ఇది మాత్రం తప్పనిసరి: లోపలి నుంచి అంకెలూ తాళంచెవీ అక్కర్లేకుండా, పిడి తిప్పితే తెరుచుకోవాలి. దాగుడుమూతలాడే పిల్లలకు సామాన్ల గది కన్నా ఇష్టమైన చోటు ఉండదు. తలుపు దానంతటదే తాళం పడే రకమైతే ఆరేళ్ళ పిల్లవాడి చేత లోపలినుంచి తెరిపించి చూడండి.

ఎవరు ఎప్పుడు తెరిచారో కొన్ని తాళాలు రాసిపెట్టుకుంటాయి. ఆ సంగతి ఇంట్లో అందరికీ, పనిమనిషికీ ముందే చెప్పండి. అంకెలు మార్చే అధికారం రెండు అంతస్తుల్లో ఒక్కొక్కరికి ఉండాలి. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తే, సామాను బండి గేటు దాటిన రోజే వాళ్ళ అంకెలు తీసేయండి. నమస్కారం.