వారానికే మందు మానేయకు చెల్లీ

నమస్తే అండీ. నిన్న ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అక్కా, డిప్రెషన్ అని డాక్టర్ మందు రాశారు. వారం వేసుకున్నా. ఏ మార్పూ లేదు, కడుపులో తిప్పుతోంది. మానేస్తున్నా" అని. ఈ వీడియో తన కోసమే.

మూడేళ్ల కిందట నాదీ అదే పరిస్థితి. ఒకరోజు స్టవ్ మీద పాలు పెట్టి ఎదురుగానే నిలబడ్డాను. పాలు పొంగి, గట్టంతా కారి, మంట ఆరిపోయింది. చూస్తూనే ఉన్నా, చెయ్యి లేవలేదు. "ఏ లోకంలో ఉన్నావమ్మా" అన్నారు అత్తయ్య. ఏడుపు కూడా రాలేదు నాకు. తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనే. గుడికి వెళ్లు, ఎక్కువ ఆలోచించకు అన్నారు అందరూ. ప్రేమతోనే అన్నారు. కానీ రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే డాక్టరుకి చూపించుకోవాలండీ.

ముందు రక్తపరీక్షలు చేయించారు. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువైనా, బీ12 లోపించినా ఇలాంటి నీరసమే వస్తుంది. నాకవేవీ లేవు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లమనగానే ఇంట్లో అందరికీ హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి గుర్తొచ్చింది. విశాఖ వాళ్లకైతే చినవాల్తేరు. ఆ చోట్ల పేర్లనే తిట్లు చేసేశాం మనం, ఎంత అన్యాయమో! అక్కడా ఓపీలో చూపించుకుని, మందులు తీసుకుని అదే రోజు ఇంటికెళ్లేవాళ్లు ఉంటారు.

చివరికి సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను. ఆ డాక్టరమ్మ నిద్ర, ఆకలి గురించి అడిగి, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగారు. అప్పటిదాకా ఎవరూ అడగలేదు. "అనిపిస్తోంది" అన్నాను. ఆ మాట బయటికి వచ్చాక గుండె కాస్త తేలికైంది.

ఇక మందు సంగతి. ఇది జ్వరం బిళ్లలా పూటలో పనిచేయదు. రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఆరు వారాలు పడుతుంది. కడుపులో తిప్పడం లాంటివి మాత్రం మొదటి రోజుల్లోనే వస్తాయి, చాలామందికి మెల్లగా తగ్గిపోతాయి. అందుకే మందు పడలేదేమో అనుకుని మానేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఆపేటప్పుడు డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. కంగారు ఎక్కువైనా, చావు ఆలోచనలు పెరిగినా మాత్రం చూద్దాంలే అనుకోవద్దు, వెంటనే డాక్టరుకి చెప్పాలి.

డాక్టరు దొరకని వేళ 14416కి ఫోన్ చేయండి. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నాకు మూడో వారం దాటాక, ఒక పొద్దున చారు పోపు వాసన ముక్కుకి తగిలింది. ఆకలేసింది. అంతే. ఆ రోజు మారు వడ్డించుకుని తిన్నాను.

చెల్లీ, నీకింకా వారమే అయింది. ఈ రాత్రి బిళ్ల మానకు. పొద్దున్నే మీ డాక్టరుకి ఫోన్ చేసి, కడుపులో తిప్పుతోందని చెప్పు.